చెవి బాగుంటే గొంతులో చూడు బిడ్డా

బిడ్డా,

సోమవారం నుంచి దేవరకొండలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా ఓపీ చూస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. నువ్వు కుర్చీలో కూర్చునేలోపు నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నా.

"చెవ్వు ఒక్కటే పోటు సారూ" అంటూ వచ్చినవాళ్ల కర్ణభేరి ఏ లోపమూ లేకుండా మెరుస్తుంటే చుక్కల మందు రాసి పంపకు. మెదడు నుంచి వచ్చే నరాల్లో తొమ్మిదోది, పదోది గొంతుకూ చెవికీ రెండింటికీ పోతాయి. నాలుక మొదట్లో పుండున్నా, గొంతు అడుగున గడ్డున్నా పోటు చెవిలో తెలుస్తుంది.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను ఆ తప్పు చేశాను. చుట్ట తాగే పెద్దాయన. రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చెవి కింద వేలితో నొక్కి చూపించాడు. చెవి చూశాను, బాగుంది, చుక్కలు రాశాను. మింగుతుంటే ఎక్కువవుతుందా అని అడగనే లేదు. రెండు నెలలకు మెడలో నిమ్మకాయంత గడ్డతో వచ్చాడు. అప్పుడు గొంతులో అద్దం పెట్టి చూశాను, పుండు కనిపించింది. ఆ వేలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కాబట్టి పళ్లు, దవడ కీలు, టాన్సిల్స్ చూడు. గ్లౌజు వేసుకుని నాలుక మొదలు తడుము, మెడ రెండు పక్కలా తడుము, ఆ తర్వాత లోపల చూసే గొట్టం, అదే స్కోపు, వెయ్యి. పెద్దవాళ్లకు ఒక్క చెవిలోనే నీరు చేరితే ముక్కు వెనక భాగం చూడకుండా వదలకు.

"పొద్దున లేచేసరికి చెవి మూసుకపోయింది" అంటే, లోపల గుబిలి లేకపోతే, 512 ట్యూనింగ్ ఫోర్కు (వినికిడి చూసే శ్రుతిదండం) మోగించి నుదుటి మీద పెట్టు. బాగున్న చెవిలో గట్టిగా వినబడుతోందంటే నరం దెబ్బతిన్నదని అనుమానించు. జలుబు తగ్గితే అదే పోతుందని చెప్పకు. వెంటనే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించు, షుగర్ చూసుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టు. రెండు వారాలు దాటితే వినికిడి తిరిగొచ్చే ఆశ బాగా తగ్గుతుంది.

తల తిరుగుతోందని మర్రిగూడ వైపు పెద్దవాళ్లు వస్తే ముందు మెడ ఎంత తిరుగుతుందో చూసుకో. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కొందరికి మెడ కట్టెలా బిగిసిపోయి ఉంటుంది. పుస్తకంలో ఉన్నట్టు తల వెనక్కి వాల్చకు, పక్కకు పడుకోబెట్టి కళ్లు చూడు.

పిల్లలకు ఒక్క ముక్కులోంచే కంపు చీము కారితే చింతగింజో, శనగగింజో ఉంటుంది. బటన్ బ్యాటరీ అయితే మాత్రం గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, తెల్లారేదాకా ఆగకు.

నా గొంతు అద్దం మీ అమ్మతో పంపిస్తున్నా. ఆవిరి పట్టకుండా దీపం మీద కాస్త వేడి చేసి, నీ చేతి వెనక ఆనించి చూసుకున్నాకే పేషెంట్ నోట్లో పెట్టు.

మీ మామ,
నల్లగొండ