బండల మధ్య ఒక రాత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

పిల్లలతో రాళ్ల పార్కుకి వెళ్తున్నామని సామాన్ల జాబితా పంపావు. బాగానే ఉంది, కానీ ఎన్నింటికి బయల్దేరతారో అందులో లేదు. ముందు తేల్చుకోవాల్సింది అదే. బండ పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక కూడా సెగ కక్కుతుంది. తెల్లవారగానే నడక మొదలుపెట్టి పదింటికల్లా నీడ చేరండి. మనిషికి గంటకి అర లీటరు నీళ్లు, ఎండ ముదిరితే లీటరు. సగం సీసా ఖాళీ కాకముందే వెనక్కి మళ్లాలి. చదును దారిలో గంటకి ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు రాళ్ల మీద రెండు నడిస్తే గొప్పే.

ఎక్కేటప్పుడు కళ్లు దారి చూపిస్తాయి, దిగేటప్పుడు కాలికి పట్టు కనబడదు. అందుకే, దిగగలమని తెలియని రాయి ఎక్కకూడదని పిల్లలకి గట్టిగా చెప్పు. నల్లటి చారలున్న చోట నీళ్లు జారి పాచి పట్టి ఉంటుంది. ఎండినప్పుడు ఫరవాలేదనిపించినా నాలుగు చినుకులు పడితే సబ్బే. సందుల్లో చేతులు పెట్టనివ్వకు, తేళ్లుంటాయి.

చరియ కింద కూర్చునే ముందు తలెత్తి తేనెపట్టు ఉందేమో చూడు. పొగ, సెంటు వాసన ఈగల్ని రేపుతాయి. అవి లేస్తే చేతులు విసరకుండా మొహం కప్పుకుని పరుగెత్తాలి. నీళ్లలో మునిగితే తల ఎత్తేదాకా పైనే కాచుకుంటాయి.

బండ మీద నెగడు వెయ్యకండి. లోపలి తేమ ఉడికి రాయి పెచ్చులు ఎగురుతుంది, మసి మచ్చ ఏళ్ల తరబడి పోదు. వంట యావ తగ్గించుకుంటే సగం బరువు తగ్గుతుంది కూడా!

ఇక టెంటు. బండలోకి మేకు దిగదు. తాడు కొస చిన్న రాయికి కట్టి, దానికి ముందు, టెంటు వైపున, తాడు మీద పెద్ద రాయి పెట్టు. లాగినకొద్దీ చిన్నది పెద్దదానికి తన్నుకుని బిగుస్తుంది. రాతి అంచు తాడుని కోసేస్తుంది, పాత గుడ్డ చుట్టు. కింద పరిచే పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే వాన నీళ్లన్నీ పోగై లోపలికే వస్తాయి. ఎండిన వాగులో ఇసుక మెత్తగా ఉందని ఆశపడకు. పైన ఎక్కడో వాన కురిస్తే ఇక్కడ చినుకు లేకుండానే నీళ్లు వచ్చి పడతాయి.

ఉరుము వినబడితే గుట్ట మీంచి దిగి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలదాకా మళ్లీ ఎక్కకండి. లోతు లేని గుహల్లో దాక్కోవద్దు. రాత్రి బూట్లు టెంటు లోపలే పెట్టి, పొద్దున దులిపి తొడుక్కోండి.