సీటు సులువుగా వస్తే చదువుకు విలువ ఉండదా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ బీటెక్ పూర్తి చేసింది. జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ సీటు వచ్చింది. ప్రవేశ పరీక్ష రాయలేదు, పెద్ద పోటీ కూడా లేదు. ‘అడిగినవాళ్లకల్లా సీటిచ్చే చోట చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?’ అంటున్నారు మా బావగారు. పంపమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నిశ్చింతగా పంపండి. మీ బావగారు ఐఐటీ లెక్కతో ఆలోచిస్తున్నారు. మన దగ్గర జేఈఈ ర్యాంకును నమ్ముకునే కంపెనీలు క్యాంపస్‌కు వస్తాయి. దక్షిణ కొరియాలో సియోల్, కొరియా, యోన్సే విశ్వవిద్యాలయాల పేర్లకు, ఫ్రాన్స్‌లో ఎకోల్ పాలిటెక్నిక్‌కు అలాంటి బలమే ఉంది. జర్మనీలో చాలా ఇంజినీరింగ్ కోర్సుల్లో వడపోత చేరాకే మొదలవుతుంది. తప్పనిసరి సబ్జెక్టు సాధారణంగా మూడోసారి కూడా తప్పితే కోర్సు నుంచి పంపించేస్తారు. అదే కోర్సులో ఆ దేశంలో మరోచోట చేరడానికీ వీలుండదు. ఈ సంగతి బావగారికి తప్పక చెప్పండి.

స్టుట్‌గార్ట్‌లో కారు విడిభాగాల కంపెనీలో పనిచేసేటప్పుడు కొత్తవాళ్ల దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చేవి. థీసిస్, అంటే చదువు చివర్లో చేసే ప్రాజెక్టు, ఏ కంపెనీలో చేశారన్నది ముందు చూసేదాన్ని. తర్వాత మార్కులు: అక్కడ 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే గట్టెక్కినట్టు. ఆపైన జర్మన్ భాష. 1.3 తెచ్చుకుని కూడా, యంత్రం దగ్గర నిలబడ్డ ఫోర్‌మన్‌తో నాలుగు మాటలు మాట్లాడలేని పిల్లల్ని పక్కన పెట్టాల్సి వస్తే ప్రాణం ఉసూరుమనేది.

అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేరున్న కాలేజీలో సీటు వచ్చే సత్తా ఉండి మామూలు కాలేజీలో చేరినవాళ్లు, సగటున సంపాదనలో వెనకబడలేదని తేలింది. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద పేరు బాగా కలిసొచ్చింది. ఈ మినహాయింపును చిన్నచూపు చూడకూడదు, సిఫారసు చేసేవాళ్లు లేని ఇళ్లలో కాలేజీ పేరే పరిచయ పత్రం.

అమ్మాయిని వీసా వచ్చేలోగా హైదరాబాద్ గోథే కేంద్రంలో జర్మన్‌లో చేర్పించండి. అక్కడికి వెళ్లి కుదురుకున్నాక, కంపెనీల్లో వారానికి 20 గంటల లోపు ఉండే విద్యార్థి ఉద్యోగం చూసుకోమనండి. థీసిస్‌కు దారి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పట్టా వచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు ఉండనిస్తారు. కార్ల కంపెనీలు ఈమధ్య ఉద్యోగాలు తగ్గిస్తున్నాయి కాబట్టి రైళ్లు, వైద్య పరికరాలు తయారుచేసే సంస్థలకూ దరఖాస్తు పెట్టమనండి.