రికార్డు చేసిన మాటల్లో "అయితే", "అంచేత" లాంటివి సాఫ్ట్‌వేర్‌తో పట్టుకోవచ్చా?

అమలాపురం వైపు రైతుల సంభాషణలు రాతలో పెట్టుకున్నారు, మాటకీ మాటకీ ముడివేసే పదాల్ని సాఫ్ట్‌వేర్ పట్టగలదా అని అడిగారు. పడుతుంది, మీరు రాసిన తీరు సరిగ్గా ఉంటే.

చాలామంది రాసేటప్పుడే పాడుచేస్తారు. "అంచేత"ని "కాబట్టి" అనీ, "వత్తే"ని "వస్తే" అనీ దిద్దేస్తారు, "మరేనండి"ని ఎగరగొట్టేస్తారు. మీరు వెతకబోయేదే అది కదండీ! విన్నది విన్నట్టే రాయండి. మనిషి ఆగిన చోటల్లా కొత్త లైను మొదలుపెట్టి, ప్రతి లైను మొదట్లో మాట్లాడినవాళ్ల గుర్తు వెయ్యండి: కకక, చచచ ఇలా. అంకెలు వద్దు.

ఎలాన్‌లో (రికార్డింగు వింటూ రాసుకునే సాఫ్ట్‌వేర్) రాసుంటే ట్యాబ్‌లున్న టెక్స్ట్‌గా ఎగుమతి చేసి, యూటీఎఫ్-8 అనే అక్షర సంకేతంలో దాచి, యాంట్‌కాంక్‌లో (రాతలో పదాలు వెతికి పక్క మాటలతో సహా చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. టోకెన్ డెఫినిషన్‌లో, అంటే ఏది ఒక పదమో చెప్పే సెట్టింగులో, లెటర్‌తోపాటు మార్క్ కూడా ఉండాలి. మన గుణింతాలు, సున్నా, పొల్లు యూనికోడ్ (కంప్యూటర్‌లో అక్షరాలకు వాడే ప్రమాణం) లెక్కలో మార్కులే; అది వదిలేస్తే "అంచేత" ముక్కలైపోతుంది.

ఇక "అయితే" ఒక్కటే తీసుకోండి. ఉన్నదున్నట్టు టైపు చేస్తే "ఐతే", "ఊరయితే", "మాకైతే" దొరకవు. అందుకని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి; నిలువు గీత అంటే "లేదా") యితే|ఐతే|ైతే అని మూడూ ఇవ్వాలి. ఇవ్వగానే "రైతే పెట్టుకోవాలండి మోటారు ఖర్చు" కూడా వచ్చి పడుతుంది. పోనీ "రైతే"తో ముగిసేవన్నీ తీసేద్దామంటే "ఎవరైతే" కూడా పోతుంది. ముందు ఖాళీ ఉన్న "రైతే"ని మాత్రమే తీసెయ్యండి.

మిగిలినవాటిలోనూ మూడు రకాలుంటాయి. "కోత అయితే చెబుతానండి" అన్నది షరతు. "మాకైతే కాలవ నీరు రాలేదు" అన్నది పక్కవాళ్లతో పోల్చి చెప్పడం. "కాలవ కట్టేశారండి" అని ఒకరంటే, "అయితే దాళ్వా (రెండో పంట) ఎండినట్టేనా?" అని రెండోవారు అందుకున్నారే, మీకు కావలసింది అదీ. దొరికినవాటిని వాటి ఎడమవైపు మొదటి పదాన్ని బట్టి సార్ట్ చేస్తే (వరసలో పెడితే) కకక, చచచ పక్కనున్నవన్నీ ఒకచోటికి చేరతాయి. అవి చాలావరకు ఈ మూడోరకమే, అయినా ప్రతిదానికీ ముందు లైను చదివే ఖాయం చెయ్యాలి. ఈ పని సాఫ్ట్‌వేర్‌కి వదలకండి.

ఇంకోటి, తెలుగులో ముడి సగం క్రియ తోకలోనే ఉంటుంది: వచ్చి, వత్తే, వచ్చినా, వచ్చేసరికి. స్తే|త్తే అని పదం చివర వెతకండి, "అత్తే చెప్పింది" లాంటివి చేత్తో ఏరెయ్యండి. ఇంగ్లీషులో ముడివేసే పదాల జాబితాని తెలుగు చేసుకుని, అందులో పదాలే లెక్కపెట్టి, గోదావరి వాళ్లు ఇలాంటివి తక్కువ వాడతారని తేల్చేస్తే అది శుద్ధ తప్పు.