అమ్మగారికి ట్రయల్ ఎక్కడ వెతకాలంటే...

కార్బోప్లాటిన్ (ప్లాటినం రకం కీమో మందు) అయిన ఐదు నెలలకే అమ్మగారికి ఓవరీ క్యాన్సర్ తిరగబెట్టిందని, క్లినికల్ ట్రయల్ (కొత్త చికిత్సని రోగులపై పరీక్షించి చూసే అధ్యయనం) గురించి ఎవరిని అడగాలో తెలియట్లేదని రాశారు కదండీ. ముందు ఆ ఐదు నెలల లెక్క చూసుకోండి. చివరి ప్లాటినం డోసు తర్వాత ఆరు నెలల్లోపు తిరగబెడితే ‘ప్లాటినం రెసిస్టెంట్’, అంటే ప్లాటినం మందులకి సరిగా లొంగనిది అంటారు. చాలా ట్రయల్స్‌లో ఎవరిని తీసుకోవాలో దీన్నిబట్టే చూస్తారు. అందుకే చివరి కీమో తేదీ, తిరగబెట్టినట్టు తేలిన స్కాన్ తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో మార్పు ఉందేమో చూసే టెస్టు రిపోర్టు ఉంటే దాన్నీ జత చేయండి.

కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే) వెబ్‌సైట్లో ఇంగ్లిష్‌లో ‘ఒవేరియన్’ అని కొట్టండి. ఒక్కో ట్రయల్ కింద ఆస్పత్రులు, డాక్టరు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. స్టేటస్ ‘ఓపెన్’ (రోగుల్ని చేర్చుకుంటున్నారు) అని ఉన్నా నమ్మేయకుండా ఫోన్ చేసి కనుక్కోండి.

మా అక్కని ట్రయల్‌లో చేర్చేటప్పుడు అన్నీ కుదిరాయి గానీ, వాళ్లు అడిగిన బయాప్సీ బ్లాక్ దగ్గర ఇరుక్కుపోయాం. అదేనండీ, కణితి ముక్కని మైనంలో పెట్టి దాచే చిన్న బిళ్ల. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ల్యాబ్‌లో అది వెతికి ఇచ్చేసరికి తొమ్మిది రోజులైంది. మీరు ఆ బ్లాక్ కోసం ఈ వారమే అర్జీ పెట్టేయండి.

సంతకానికి ముందు అంగీకార పత్రం తెలుగులో అడిగి, ఇంటికి తెచ్చుకుని చదవండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో ఉంది. వద్దనుకుంటే మధ్యలో మానేయొచ్చు. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారికి మాత్రం చెప్పకుండా చేరకండి.