రెండు గంటల వీడియో ఒక్క డీవీడీలో పట్టాలంటే?

ఇంట్లో తీసిన రెండు గంటల వీడియో 8 జీబీ ఉంది, మామూలు డీవీడీలోకి ఎలా ఎక్కించాలి అని అడిగారు. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు లెక్క చూసుకోండి.

డిస్క్ మీద రాసిన 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు (విండోస్‌లో 4.38 అని కనిపిస్తుంది, కంగారు పడకండి). బైటుకు 8 బిట్లు కాబట్టి బిట్లలో 3,760 కోట్లు. దాన్ని రెండు గంటలకు, అంటే 7,200 సెకన్లతో భాగిస్తే సెకనుకు దాదాపు 5,200 కిలోబిట్లు. ఆడియోకు 192 తీసేసి, మెనూకీ మిగతావాటికీ కాస్త చోటు వదిలితే వీడియో బిట్‌రేట్ (సెకనుకు ఖర్చయ్యే కిలోబిట్లు) 4,800 పెట్టొచ్చు. నిడివి పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది, బొమ్మ అంత మసకబారుతుంది.

వీడియోను కుదించేటప్పుడు టూ-పాస్ ఎన్‌కోడింగ్ (రెండు విడతల్లో కుదించడం) తప్పకుండా ఎంచుకోండి. మొదటి విడతలో ప్రోగ్రాం వీడియో అంతా పరిశీలించి, రెండో విడతలో కదలిక ఎక్కువున్న చోట ఎక్కువ బిట్లు, నిశ్చలంగా ఉన్న చోట తక్కువ బిట్లు ఖర్చు పెడుతుంది. ఆలస్యమైనా సైజు అనుకున్నంతే వస్తుంది.

టీవీకి కలిపే డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే ఫార్మాట్ ఎంపెగ్-2 (డీవీడీ వీడియోలకు వాడే కుదింపు పద్ధతి) కావాలి. ఎంపీ4 ఫైలును ఉన్నదున్నట్టు బర్న్ చేస్తే పాత ప్లేయర్లు చాలావరకు చదవవు. కంప్యూటర్‌లో చూస్తే చాలనుకుంటే మాత్రం హెచ్.264 అనే ఇంకా మెరుగైన కుదింపు పద్ధతిలో కుదించి డేటా డిస్క్‌గా (మామూలు ఫైలుగా) రాయండి, అదే చోటులో బొమ్మ చాలా మెరుగ్గా ఉంటుంది. అసలు ఫైలును మాత్రం చెరిపేయకండి.