నాన్నగారి అంబాసిడర్‌కు వింటేజ్ రిజిస్ట్రేషన్ అవసరమా?

ప్రశ్న: నాన్నగారు 1968లో కొన్న అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పండగలకు, బంధువుల పెళ్లిళ్లకు అందులోనే వెళ్తాం. ఆయన పోయి రెండు నెలలైంది. ఆ పాత మూడక్షరాల నంబర్ ప్లేట్ పోకూడదని మా అందరి కోరిక. అందుకని కారును పూర్తిగా బాగుచేయించి, వింటేజ్‌గా రిజిస్టర్ చేయిద్దామనుకుంటున్నా. నాలుగు లక్షలు అవుతుందట. అమ్మాయి వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరుతుంది. ఆమె చదువుకు వేసిన ఎఫ్‌డీలోంచి ఆ డబ్బు తీయొచ్చా? కారు విలువ ఎలాగూ పెరుగుతుంది కదా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఫీజు కట్టాల్సిన రోజు ముందే తెలుసు. ఈ కారుకు కొనేవాళ్లు ఎప్పుడు దొరుకుతారో, ఎంత ఇస్తారో ఎవరూ చెప్పలేరు. పైగా నాన్నగారి గుర్తుగా దాచుకున్న బండిని ఫీజు కోసం అమ్మాల్సి వస్తే అది మీకూ, అమ్మాయికీ బాధే.

ముందు ఆర్‌సీ సంగతి చూడండి. యజమాని చనిపోతే వారసుడు మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. మీకు మిగిలింది నెల రోజులే. డెత్ సర్టిఫికెట్, వారసత్వ పత్రాలు తీసుకుని ఈ వారమే ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లండి. ఆర్‌సీ గడువు ఎప్పటివరకు ఉందో కూడా అక్కడే చూసుకోండి.

ఇక వింటేజ్ రిజిస్ట్రేషన్. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లకు, ద్విచక్ర వాహనాలకు ఇది ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరగకూడదు. వయసు రీత్యా మీ కారుకు అర్హత ఉంది. కానీ అలా రిజిస్టర్ చేయించాక మామూలు అవసరాలకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, రిపేర్లు వంటి వాటికే బయటకు తీయాలి. అంటే మీ పండగ ప్రయాణాలు, పెళ్లి ప్రయాణాలు ఆగిపోతాయి. మీ ఉత్తరం చదివితే ఈ కారు మీ ఇంట్లో మనిషిలా తిరుగుతోందనిపించింది. దాన్ని షెడ్డులో నిలబెట్టమని నేను చెప్పలేను.

నంబర్ గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. కొత్తగా వింటేజ్ నంబర్ తీసుకునేవారికి రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలతో వేరే సిరీస్ ఇస్తారు. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకునే వీలుంది. అదే రాష్ట్రంలో పేరు మార్పిడి, మామూలు రెన్యువల్ చేయించుకున్నా నంబర్ మారదు. నాన్నగారి ప్లేట్ కోసమే అయితే వింటేజ్ అవసరం లేదు.

ఖర్చులోనూ పెద్ద తేడా లేదు. వింటేజ్‌కు మొదటిసారి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. మామూలు రెన్యువల్ ఐదేళ్లకోసారి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 చేశారు. మొదటి పదేళ్లకు రెండూ ఒకటే. వింటేజ్ కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో సగం తగ్గింపు ఉంది. మీది 1,489 సీసీ ఇంజిన్ అయితే, 2022 జూన్ నాటి రేటు 3,416 కాబట్టి ఏడాదికి మిగిలేది 1,708 రూపాయలు. ఆ కాస్త కోసం కారు వాడుకునే హక్కు వదులుకోవద్దు.

రిపేర్లు ఒకేసారి పెట్టుకోకండి. బ్రేకులు, వైరింగ్, టైర్లు, పెట్రోలు పైపులు ప్రాణానికి సంబంధించినవి, ముందు అవి. పెయింటింగ్, సీట్ల పని ఆగగలవు. పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ పెడితే మైలేజీ వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. రేపు మీ అమ్మాయి వింటేజ్‌గా చేయించాలనుకున్నా ఆ దారి మూసుకుపోతుంది.

పన్ను విషయం కూడా చెప్పాలి. సొంతానికి వాడుకునే కారు అమ్మితే వచ్చే లాభంపై మూలధన లాభాల పన్ను ఉండదు. కానీ నిజంగా వాడినట్టు చూపగలగాలి. 1983లో 20,000కు కొన్న 1931 మోడల్ ఫోర్డ్ కారును ఒకాయన 21 లక్షలకు అమ్మారు. సొంత వాడకానికి ఆధారాలు చాలవంటూ బాంబే హైకోర్టు 2025లో ఆ లాభానికి పన్ను కట్టాల్సిందేనంది. కాబట్టి మెకానిక్ బిల్లులు, పెట్రోలు రసీదులు, ఇన్సూరెన్స్ కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు కారు ముందు తీయించుకున్న ఫొటోలూ అందులోనే ఉంచండి.

కారు ఖర్చులకు నెలకు ఐదు వేలతో వేరే ఆర్‌డీ మొదలుపెట్టండి. ఏడాదికి అరవై వేలు జమవుతాయి. బ్రేకుల పని మాత్రం ఆర్‌డీ నిండేదాకా ఆపకుండా ఈ నెల జీతంలోంచే చేయించండి. అది పూర్తయ్యేదాకా కారు బయటకు తీయకండి.