పదో రోజు తర్వాత

చిరంజీవి అమ్మాయికి, దీవెనలు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఐసీయూలో చేరినవాళ్ళలో ఎవరు వారాల తరబడి ఉండిపోతారో ముందే పసిగట్టడం గురించి మనవాళ్ళు పెద్దగా రాయలేదు. నువ్వు పట్టుకున్నందుకు సంతోషం. అయితే మొదటి పేరాలో "కంప్యూటర్ ముందే చెప్పేస్తుంది" అన్నావే, ఆ మాట కొట్టెయ్. ఐసీయూ బయట చాప పరుచుకుని కూర్చున్నవాళ్ళు కూడా నీ వ్యాసం చదువుతారు.

అపాచీ-2 స్కోరు గురించి సరిగ్గానే రాశావు. 1985లో వచ్చింది, చేరిన మొదటి 24 గంటల రీడింగులతో లెక్క కడుతుంది. కానీ అది చావు ముప్పును అంచనా కట్టే లెక్క. ఎన్నాళ్ళుంటారన్నది వేరే ప్రశ్న. మరీ సీరియస్‌గా వచ్చినవాళ్ళు రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు, తేలిగ్గా ఉన్నవాళ్ళు అదే మూడో రోజున వార్డుకి మారిపోవచ్చు. ఇద్దరి మంచాలూ ఖాళీ అవుతాయి. అటు పోకా, ఇటు తేరుకోకా మధ్యలో ఉండిపోయేవాళ్ళను కనిపెట్టడమే కష్టం. ఈ చిక్కుముడి నీ వ్యాసంలో లేదు. ముందు ఇది రాయి.

2016లో వచ్చిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అధ్యయనాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. పది లక్షల మందికి పైగా రోగుల వివరాలు చూశారమ్మా అందులో! సగటున పదో రోజు దాటాక, ఏ జబ్బుతో వచ్చారు, ఎంత సీరియస్‌గా వచ్చారు అన్న సంగతి మనిషి బతికేదీ లేనిదీ చెప్పడానికి పెద్దగా పనికిరాకుండా పోయింది. వయసు, అంతకుముందున్న జబ్బులు, అంటే రాకముందు ఆ మనిషి ఎలా ఉన్నాడన్నది అందుకు ఏమాత్రం తీసిపోకుండా చెప్పింది. అలా ఉండిపోయినవాళ్ళు నూటికి అయిదుగురే, వాడిన మంచాల రోజులు మాత్రం దాదాపు మూడోవంతు. రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? అప్పటిదాకా జబ్బు కథ, అక్కణ్ణుంచి మనిషి కథ.

ఇది నాకు కాగితాల్లో చదవకముందే తెలుసు. మా అన్నయ్యకి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలో కాలికి మేకు గుచ్చుకుంది. షుగరు మనిషి, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకింది. నెల్లూరులో ఒక ఆస్పత్రిలో 26 రోజులు ఐసీయూలో ఉన్నాడు. రోజూ పొద్దున డాక్టర్లది ఒకటే మాట: "48 గంటలు గడవాలి." పన్నెండో రోజున కూడా అదే మాట. అప్పటికి ఇన్ఫెక్షన్ తగ్గిపోయింది. మనిషి మాత్రం గొంతు దగ్గర గొట్టంతో వెంటిలేటర్ మీదే ఉన్నాడు. తొడ కండ కరిగిపోయి, గుంటల మీద బస్తాలు మోసిన చెయ్యి చెంచా కూడా ఎత్తలేకపోయింది. "ఇక ఇది వారాల వ్యవహారం" అని ఒక్కరు చెప్పి ఉంటే, వదిన గంటగంటకీ ప్రాణం ఉగ్గబట్టుకునేది కాదు. ముందే అంచనా కట్టగలగడం వల్ల ఇంట్లోవాళ్ళకి ఒరిగేది ఇదీ.

మన దగ్గర ఇంకొకటుంది. డబ్బులైపోయి, సంతకం పెట్టి, మనిషిని ఇంటికి తీసుకెళ్ళిపోతారు. రికార్డులో అతను ఆరు రోజులే ఉన్నట్టు. అది జబ్బు లెక్కా, జేబు లెక్కా? ఎక్కడో తయారైన సూత్రాన్ని ఇక్కడివాళ్ళ మీద సరిచూడకుండా వాడితే ఏమవుతుందో ఒక పేరా రాయి. కోపంగా రాసినా ఫరవాలేదు. "నూటికి డెబ్బై" అని రాసేచోట మాత్రం, ఇలాంటి నూరుమందిలో డెబ్బైమంది అని విడమరిచి చెప్పు. లేకపోతే మా వదినలాంటివాళ్ళు ఆ అంకెను తమ మనిషి మీదే వేసుకుంటారు.

అప్పట్లో వదిన రాసుకున్న పుస్తకం పంపిస్తున్నాను, మేత లెక్కల పుస్తకం. జాగ్రత్తగా చూసి తిరిగి ఇచ్చెయ్. మొదటి పేజీలన్నీ బీపీ, ఆక్సిజన్, క్రియాటినిన్. పదకొండో రోజు పేజీలో ఒక్క అంకె కూడా లేదు. "గెడ్డం గీయమని సిస్టర్‌ని అడగాలి. ఆయనకి దురద" అని రాసుంది.

ఇట్లు,
మీ మాస్టారు
నెల్లూరు